కయాక్‌లో చేపల వేట: మంచినీళ్ల నుంచి ఉప్పునీళ్ల దాకా ఎనిమిది నెలలు

పాత కయాక్, అంటే తెడ్డుతో నడిపే ఒక్కరి చిన్న పడవ, కొన్నది 2025 మార్చి 1న. దాని మీద కూర్చుని తొలిసారి గాలం వేసింది ఏప్రిల్ 5న. టెక్సాస్ తీరంలోని గాల్వెస్టన్ ఉప్పునీళ్లలోకి దిగింది మే 31న. కొన్న రోజే చెరువుకు పోవచ్చనుకునేవాళ్లకు ఈ మూడు తేదీల మధ్య ఏం జరుగుతుందో తెలియాలి. హ్యూస్టన్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లు చాలామంది ఒడ్డు మీద నుంచి గాలం వేస్తారు. కయాక్‌కి మారాలనుకుంటే దారి ఇలా ఉంటుంది.

కొన్నది 12 అడుగుల పొడవు, 33 అంగుళాల వెడల్పు ఉన్న సిట్-ఆన్-టాప్ రకం, అంటే పైనే కూర్చునేది. ఖాళీగానే 70 పౌండ్లు. 550 డాలర్లు పడింది. కాళ్లు లోపల పెట్టుకునే సిట్-ఇన్‌సైడ్ రకం చేపలవేటకు వద్దనే చెబుతాను. అది తిరగబడితే లోపల నీళ్లు నిండుతాయి, నడినీళ్లలో వాటిని తోడిపోయడం ఒక్కరి వల్ల కాదు. సిట్-ఆన్-టాప్‌లో కూర్చునే చోట పడ్డ నీళ్లు అడుగున ఉన్న స్కప్పర్ రంధ్రాల్లోంచి వాటంతటవే పోతాయి.

కొనేటప్పుడు బోర్లించి అడుగంతా చూశాను. వెనక కొస దగ్గర, నేల మీద ఈడ్చే చోట, ప్లాస్టిక్ పలచబడలేదు. అంతా బాగుందనుకున్నాను. వారం తర్వాత, మార్చి 8న, ఇంటి వెనక రెండు స్టూళ్ల మీద పెట్టి, హ్యాచ్ అనే మూత తీసి అందులోంచి ఇరవై లీటర్ల నీళ్లు లోపల పోసి అటూ ఇటూ వంచితే, పది నిమిషాలకు ఒక స్కప్పర్ రంధ్రం అంచున చుక్క కనబడింది. వెంట్రుకంత పగులు. స్కప్పర్ రంధ్రాల్లోకి గూటాలు దూర్చే రకం బండి మీద బరువుతో లాగితే సరిగ్గా అక్కడే పగులుతుంది. ఈ పరీక్ష కొనే ముందే, అమ్మేవాళ్ల ఇంట్లోనే చేయాలి. లోపల పోసిన నీళ్లు బయటికి వస్తే బయటి నీళ్లు లోపలికి వస్తాయి. పొట్టలో నీళ్లు చేరిన కయాక్ మునగకముందే బోర్లా పడుతుంది, ఎందుకంటే ఆ నీళ్లు ఎటు వాలితే అటు పరిగెడతాయి.

పాలిథిలీన్‌కి ఎపాక్సీ, సిలికాన్ పట్టవు, నాలుగు రోజుల్లో ఊడిపోతాయి. అదే రకం ప్లాస్టిక్ పుల్లను వేడితో కరిగించి అతికించాలి. మరమ్మతుకు ఇచ్చిన రోజు నుంచి పన్నెండు రోజులు పట్టింది, 85 డాలర్లు అయింది. ఆ పన్నెండు రోజులూ వాతావరణం ఎంత బాగుందో! ప్రతి సాయంత్రం కిటికీలోంచి చూసి మనసు ఉసూరుమనేది.

ఆ ఖాళీలో మిగతావి సమకూరాయి. తెడ్డు 95 డాలర్లు. కయాక్ వెడల్పుగా, సీటు ఎత్తుగా ఉంటే 230 సెంటీమీటర్ల తెడ్డు సరిపోదు, మోకాళ్లకు తగులుతుంది, నీళ్లు ఒళ్లో పడతాయి. 250 తీసుకోవాలి. లైఫ్ జాకెట్ 110 డాలర్లు. వీపు వైపు ఫోమ్ పైభాగంలోనే ఉండే రకం కావాలి. మామూలు జాకెట్ సీటు వీపుకు తగిలి పైకి జరిగి మెడను నొక్కుతుంది, గంట తిరిగేసరికి విప్పేయాలనిపిస్తుంది. జాకెట్ ఎప్పుడూ విప్పని విధంగా ఉండాలి కాబట్టి డబ్బు పెట్టాల్సిన మొదటి చోటు అదే. చక్రాల బండి 70, పట్టీలూ ఫోమ్ దిమ్మెలూ ఎర్ర గుడ్డా కలిపి 60, లంగరూ దాని తాడూ కప్పీలూ 45. ఉప్పునీళ్లకు తర్వాత చేరినవి రెండు: బురదలో గుచ్చే ఆరడుగుల కర్ర 40, గాలికి కొట్టుకుపోకుండా వెనక కట్టే డ్రిఫ్ట్ సాక్ 25. లైసెన్స్ 47. గాలపు కర్రలు ముందే ఉన్నాయి. అవి కాక మొత్తం 1,127 డాలర్లు.

లైసెన్స్ దగ్గర ఒక విషయం. టెక్సాస్‌లో లైసెన్స్ సంవత్సరం ఆగస్టు 31తో ముగుస్తుంది. మంచినీళ్లకూ ఉప్పునీళ్లకూ కలిపి ఇచ్చే ఆల్-వాటర్ ప్యాకేజీ 40 డాలర్లు, కానీ మార్చిలో కొంటే ఆర్నెల్లే వస్తుంది. కొన్న రోజు నుంచి ఏడాది పనిచేసేది 47. ఏడు డాలర్ల తేడాకి ఆర్నెల్లు ఎక్కువ. ఈ రేట్లు రాష్ట్ర నివాసులకు, అంటే టెక్సాస్‌లో వరసగా ఆరు నెలలకు పైగా ఉన్నవాళ్లకు. మోటారు లేని కయాక్‌కి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. చిన్న బ్యాటరీ ట్రోలింగ్ మోటారు తగిలించినా చేయించాల్సిందే.

కారు మీద కట్టడానికి బిగించే పళ్లున్న రాచెట్ పట్టీలు వాడొద్దు. ఎండలో మెత్తబడ్డ ప్లాస్టిక్‌ను అవి నొక్కి సొట్ట పెడతాయి. చేత్తో లాగి బిగించే క్యామ్ పట్టీలే మేలు. పట్టీని పైన ఒక్క మెలిక తిప్పితే హైవే మీద ఆ భరించలేని హోరు ఉండదు. ముందు కొసకూ వెనక కొసకూ విడిగా తాళ్లు కట్టాలి. వెనక నాలుగడుగులకు మించి బయటికి వస్తే ఎర్ర గుడ్డ తప్పనిసరి.

మార్చి 23న నీళ్లలోకి దిగింది చేపల కోసం కాదు. మచిలీపట్నం నుంచి వచ్చి ఇక్కడ ఆరేళ్లుగా కయాక్ మీద వేటాడుతున్న ఒక తమ్ముడు ఫోన్లో ఒక్కటే చెప్పాడు: “అన్నా, గాలాలు ఇంట్లో పెట్టి రా. ముందు పడటం నేర్చుకో.” నిజానికి ఈ ఎనిమిది నెలల్లో అంతకన్నా విలువైన మాట వినలేదు.

నడుము లోతు కాదు, కాళ్లు అందని లోతులో చేయాలి. కావాలని పక్కకు ఒరిగి పడాలి. మొదటిసారి నీళ్లు ముక్కులోకి పోయి, జాకెట్ పైకి లాగి, ఎటు చూస్తున్నామో తెలియని రెండు మూడు సెకన్లు ఉంటాయి. ఆ భయం చల్లనీళ్లలో, ఒంటరిగా, మొదటిసారి ఎదురవ్వకూడదు. తర్వాత బోర్లాపడ్డ కయాక్‌కి మధ్యలో ఒక పక్కన ఉండి, అడుగు మీద నుంచి చేయి చాచి అవతలి అంచు పట్టుకుని, మోకాళ్లు ఇవతలి అంచుకు ఆనించి వెనక్కి వాలితే అది తిరుగుతుంది. ఎక్కడం అసలు కష్టం. చేతుల బలంతో పైకి లాగాలని చూస్తే కాళ్లు కయాక్ కిందకి పోయి అది మళ్లీ మీద పడుతుంది. ముందు కాళ్లు ఈత కొట్టినట్టు ఆడించి ఒంటిని నీటి మీద అడ్డంగా తేల్చుకోవాలి, అప్పుడు ఒక్క ఊపుతో పొట్ట సీటు మీద పడేలా జారాలి. పొట్ట, తర్వాత పిరుదులు, చివరికి కాళ్లు. ఇదే వరుస. మొదటి నాలుగు ప్రయత్నాలూ పోయాయి. ఐదోసారి ఎక్కాను. మరో పదిసార్లు చేశాక గాని చేతులకు నమ్మకం రాలేదు. ఆ రోజు జేబులో ఉన్న కళ్లజోడు పోయింది. అప్పటి నుంచి ప్రతి వస్తువుకీ తాడు. కానీ తాళ్లు కూడా పొడుగ్గా వేలాడకూడదు. పడినప్పుడు కాలికి చుట్టుకుంటాయి. జాకెట్‌కి ఈల, చిన్న కత్తి కట్టి ఉండాలి, పెట్టెలో కాదు.

ఏప్రిల్ 5న హంట్స్‌విల్ స్టేట్ పార్క్‌లో ఉన్న లేక్ రావెన్‌కి. 210 ఎకరాల చిన్న చెరువు, చుట్టూ పైన్ చెట్లు, పడవలు అలలు లేపకూడదని నియమం. కాన్రో లాంటి పెద్ద చెరువుల్లో స్పీడ్ బోట్ల అలలు పక్క నుంచి తగులుతుంటాయి, మొదటి నెలకి అవి వద్దు. ఇక్కడ మొసళ్లు ఉన్నాయి. అమెరికన్ ఆలిగేటర్లు, మామూలుగా మనుషుల జోలికి రావు. కానీ పట్టిన చేపను తాడుకు కట్టి పక్కన వేలాడదీస్తే వాటిని పిలిచినట్టే.

బాస్ అనే మంచినీటి చేప కోసం టెక్సాస్ రిగ్, అంటే కొక్కెం, ఎర కట్టే ఒక పద్ధతి: 3/0 వంపు కొక్కెం, ఎనిమిదో వంతు ఔన్సు తూటా ఆకారపు సీసం, ఏడంగుళాల మెత్తని ప్లాస్టిక్ వానపాము. కొక్కెం మొనను పాము ఒంట్లోనే దాస్తే నాచుకు తగులుకోదు. ఒడ్డు మీద నుంచి నాచును దాటి వేస్తాం. కయాక్ మీద నుంచి నాచు అంచు వెంబడి, ఒడ్డుకు సమాంతరంగా వేయవచ్చు. చేప ఉండే చోటనే ఎర చివరిదాకా ప్రయాణిస్తుంది. కయాక్ ఇచ్చే అసలు లాభం ఇదే.

రెండు విషయాలు ఒడ్డు మీద ఎప్పుడూ తెలియవు. ఒకటి, గాలం విసిరిన ప్రతిసారీ, చుట్టిన ప్రతిసారీ కయాక్ కదులుతుంది. గంటకు ఐదు మైళ్ల గాలికి కూడా పది నిమిషాల్లో మంచి చోటు దాటిపోతుంది. లంగరు వేయాలి, కానీ పక్క నుంచి ఎప్పుడూ వేయకూడదు. అలా వేస్తే అల వచ్చినప్పుడు తాడు బిగిసి ఆ పక్క కిందికి లాగుతుంది, క్షణంలో తిరగబడుతుంది. ముందు కొసకో వెనక కొసకో జరిగేలా కప్పీల మీద తాడు ఉండాలి. లంగరు తాడుకు బెండు కట్టి ఉంటే, పెద్ద చేప పడినప్పుడో పడవ మీదికి వచ్చినప్పుడో విప్పి వదిలేసి తర్వాత వెతుక్కోవచ్చు. రెండోది, చేప. కొక్కెం దిగడానికి నిలబడి వెనక్కి గుంజలేం, కూర్చునే చిన్నగా పక్కకు లాగాలి. గాలం కొసను కయాక్ ముందు వైపే ఉంచాలి. చేప కిందుగా అవతలి పక్కకు పోతే కొసను ముందు నుంచి తిప్పి తేవాలి, ఒంటి మీదుగా కాదు. చేపను తీసేటప్పుడు మన ముక్కు కయాక్ అంచు దాటి బయటికి పోకూడదు. తల ఎటు పోతే బరువు అటు పోతుంది.

ఆ రోజు మూడు చిన్న బాస్‌లు, మూడూ వదిలేశాను. రాష్ట్రమంతటా బాస్‌కి కనీసం 14 అంగుళాలు ఉండాలి, కానీ రావెన్ లాంటి కొన్ని చెరువులకు వేరే కొలతలు ఉన్నాయి. ఏ చెరువుకు పోతే దాని నియమం చూసుకునే పోవాలి. వచ్చేటప్పుడు కయాక్‌లో చుక్క నీరు మిగలకుండా వంచేయాలి. జీబ్రా మస్సెల్స్ అనే చిన్న చిప్పలు ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకు పాకకుండా పెట్టిన నియమం ఇది, మోటారు లేని కయాక్‌కీ వర్తిస్తుంది.

చెరువులో నాలుగుసార్లు పోయాక ఉప్పునీళ్లు. మే 3న అనుకున్నాం, గాలి గంటకు 20 మైళ్లు. మే 10న 18. మే 17న ఇంకా ఎక్కువ. గాల్వెస్టన్‌లో వసంతమంతా ఆగ్నేయపు గాలి ఇలాగే వీస్తుంది. మూడు శనివారాలు ఎర కొనడానికి తీసిన డబ్బు జేబులోనే ఉండిపోయింది. నా కొలత ఇప్పుడు ఇది: 10 లోపు పోవాలి, 12 దాటే సూచన ఉంటే ఎప్పటికి దాటుతుందో చూసి గంట ముందే ఒడ్డెక్కాలి, 15 అయితే ఇంట్లోనే.

మే 31న తెల్లవారకముందే గాల్వెస్టన్ ఐలాండ్ స్టేట్ పార్క్ బే వైపు, అంటే ద్వీపం వెనక ఉన్న ఉప్పునీళ్ల వైపు. చీకట్లో తెల్ల దీపం ఉండాలి. ఒడ్డు దగ్గర నీళ్లు అద్దంలా ఉన్నాయి. ఇక్కడే మోసపోతాం. ఆగ్నేయపు గాలికి ద్వీపమే అడ్డు, అందుకే ఒడ్డున అలల్లేవు. వెస్ట్ బే లోపలికి పోయేకొద్దీ గాలి వీపు మీద చేయి వేసి నెట్టినట్టు తీసుకుపోతుంది, తెడ్డు వేయకుండానే. తొమ్మిదికి వెనుదిరిగితే ఎదురుగాలి, అడుగు ఎత్తు అలలు. పోవడానికి ఇరవై నిమిషాలు పట్టిన దూరం రావడానికి గంటా పది నిమిషాలు పట్టింది. తెడ్డు ఒక్క నిమిషం ఆపితే ఐదు నిమిషాల దూరం పోయేది. భుజాల మంట కన్నా, ఒడ్డు దగ్గరకు రావడం లేదేమోనన్న అనుమానం ఎక్కువ బాధించింది. చెరువులో గాలి ఎటు తోసినా ఏదో ఒక ఒడ్డు తగులుతుంది. ఇక్కడ అలా కాదు. ఇప్పుడు ముందు ఎదురుగాలిలోకే పోతాను, అలసిపోయినప్పుడు గాలి ఇంటివైపు తోసేలా. ద్వీపం వెనక దిగితే అది కుదరదు కాబట్టి గడ్డి మడుగుల్లోనే, డానా కోవ్, జెంకిన్స్ బయూ లాంటి చోట్ల ఉండిపోతాను. రెడ్‌ఫిష్ అనే పెద్ద చేప ఉండేదీ అక్కడే.

ఆ రోజు ఒక్క స్పెకిల్డ్ ట్రౌట్ పడింది, 14 అంగుళాలు. 15 నుంచి 20 అంగుళాల మధ్యవే ఉంచుకోవచ్చు. వదిలేశాను.

జూన్ 14న బతికిన రొయ్యలతో. క్వార్టు, అంటే దాదాపు లీటరు, 24 డాలర్లు. రొయ్యలను కొట్టు ట్యాంకులోని ఉప్పునీళ్లలోనే తేవాలి, కుళాయి నీళ్లు పోస్తే చస్తాయి. ఎండెక్కి నీళ్లు వేడెక్కాక గాలి బుడగల మోటారు ఉన్నా సగం పోతాయి, అందుకే సీసాలో గడ్డకట్టించిన నీళ్లు మూతపెట్టి బకెట్లో వేస్తాను. రిగ్ ఇలా: అల్లిన దారం 15 పౌండ్ల లాగుడుకు ఆగేది, శబ్దం చేసే పాపింగ్ బెండు, దాని కింద రెండడుగుల ఫ్లోరోకార్బన్ దారం 20 పౌండ్లది, మొన లోపలికి వంగిన సర్కిల్ కొక్కెం. రొయ్య తల మీది కొమ్ము కింద, నల్లటి మచ్చ తగలకుండా గుచ్చాలి. మచ్చకు తగిలితే వెంటనే చస్తుంది. సర్కిల్ కొక్కేనికి చేప లాగినప్పుడు గుంజకూడదు, ఊరకే చుట్టాలి. మంచినీళ్ల అలవాటుతో గుంజి రెండు చేపలు పోగొట్టుకున్నాను.

మొదట వచ్చినవన్నీ హార్డ్‌హెడ్ జెల్లలు. వీటి వీపు ముల్లూ రెండు పక్క ముళ్లూ విషంతో ఉంటాయి. కయాక్‌లో ఒళ్లో పడితే పరిగెత్తడానికి చోటుండదు. ఎప్పుడూ చేత్తో పట్టొద్దు, కొక్కెం విడిపించే పొడుగాటి డీహుకర్‌తో నీళ్ల మీదే విదిలించాలి. గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో ఆ చోటు ముంచి ఉంచితే నొప్పి తగ్గుతుంది.

ఎనిమిదిన్నరకు బెండు మునగలేదు, పక్కకు పరిగెత్తింది. రెడ్‌ఫిష్. బురదలో గుచ్చిన కర్ర నుంచి తాడు విప్పగానే కయాక్ ముందు కొస దానివైపు తిరిగి మెల్లగా కదలడం మొదలైంది. చేప మనల్ని లాక్కుపోతోందని ఒంటికి తెలిసిన ఆ క్షణం కోసమే ఇంత శ్రమా అనిపించింది. కయాక్ కదలడం వల్ల దారం మీద బరువు తగ్గుతుంది, అందుకే సన్నని దారంతో కూడా పెద్ద చేపను అలసిపోయేలా చేయవచ్చు. పదకొండు నిమిషాలు. నోరు మూసి, తోక నొక్కి కొలిస్తే 24 అంగుళాలు. 20 నుంచి 28 వరకు ఉంచుకోవచ్చు, రోజుకు మూడు. 28 దాటినదానికి లైసెన్స్‌తో వచ్చిన ట్యాగ్ కట్టాలి. కొలత నియమం ఉన్న చేపను నీళ్ల మీద తలా తోకా కోయకూడదు. మొప్పలు కోసి రక్తం పోనిచ్చి, ఐసు సంచిలో పెట్టాలి. తాడుకు కట్టి నీళ్లలో వదిలితే షార్కులు, పీతలు వస్తాయి. ఐసు పది పౌండ్లు చాలదు, జూన్ ఎండకు ఇరవై కావాలి. ఆ సాయంత్రం చింతపండు పులుసు పెట్టాం. గట్టి కండ, ముక్క విరగలేదు.

దిగేటప్పుడు చెప్పులు పనికిరావు, బురద పీకేస్తుంది. చీలమండ దాకా బిగించే బూట్లే. అడుగు ఎత్తి వేయకుండా నేల మీద జరుపుతూ నడవాలి. స్టింగ్‌రేలు, మన తీరంలో టేకు చేపలంటారు, ఆ కదలికకు తప్పుకుంటాయి, తొక్కితే ముల్లు దించుతాయి. ఆలిచిప్పల గుట్టలు కత్తుల్లా కోస్తాయి. వేడి ఉప్పునీళ్లలో విబ్రియో సూక్ష్మజీవి ఉంటుంది, గీతంత గాయమైనా వెంటనే మంచినీళ్లతో, సబ్బుతో కడగాలి. కాలేయ జబ్బు ఉన్నవాళ్లు గాయంతో ఆ నీళ్లలో దిగనే వద్దు.

ఇంటికొచ్చాక ఇంకో గంట పని ఉంటుంది. రీళ్లను పైపు ధారతో కొట్టకూడదు, ఉప్పు లోపలికి పోతుంది. డ్రాగ్, అంటే దారం జారే బిగువును సరిచేసే మర, బిగించి సన్నని జల్లుతో కడిగి, ఆరాక డ్రాగ్ వదులు చేయాలి. ఒక్కసారి బద్ధకించినందుకు ఉక్కు పటకారు నాలుగు రోజుల్లో బిగుసుకుపోయింది. ఇప్పుడు అల్యూమినియం వాడుతున్నాను.

నవంబరు 1న మళ్లీ అదే చోటు. ఆ రోజు నుంచి డిసెంబరు 14 దాకా ఫ్లౌండర్ అనే చదును చేపను ఉంచుకోకూడదు, పడిన ఒక్కటీ వదిలేశాను. ఆ వారం చలిగాలి ఉత్తరం నుంచి వచ్చింది. పోటు పట్టికలో నీళ్లు బాగానే ఉన్నాయి. కానీ ఇక్కడ ఆటుపోట్ల తేడా అడుగూ రెండడుగులే. ఉత్తరపు గాలి బే నీళ్లను సముద్రంలోకి తోసేస్తే పట్టికకు అర్థమే ఉండదు. మడుగులోకి పోయినప్పుడు జానెడు నీళ్లున్న చోట, గంటన్నర తర్వాత బురద. దిగి లాగుదామంటే మోకాలి దాకా దిగబడింది, వెంటనే మళ్లీ ఎక్కి కూర్చున్నాను. బురదలో దిగబడ్డ మనిషికి కయాక్ అందకపోతే ఇక ఆధారం లేదు. రెండు గంటల నలభై నిమిషాలు కూర్చున్నాను. మూడు లీటర్ల నీళ్లు, జాకెట్‌లో ఫోన్, వేళ దాటితే ఎవరికి చెప్పాలో ఇంట్లో రాసిపెట్టిన కాగితం ఉన్నాయి కాబట్టి భయం హద్దుల్లో ఉంది. చివరికి నాలుగు వేళ్ల ఎత్తు నీళ్లు రాగానే వెనక్కి జరిగి కూర్చుని, ముందు కొస లేచేలా చేసి, కర్రతో తోసుకుంటూ బయటపడ్డాను.

ఇప్పుడు బయల్దేరే ముందు పట్టిక ఒక్కటే చూడను. అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ నోవా వారి గాల్వెస్టన్ పియర్ 21 కొలమానంలో అంచనా గీత పక్కనే అసలు నీటిమట్టం గీత ఉంటుంది. అసలుది అంచనా కన్నా అర అడుగు కిందికి ఉంటే ఆ రోజు మడుగుల్లోకి పోను, బయటి గడ్డి అంచునే వేస్తాను.